వాదానికి కూడా ఒక చదువున్నది



ఏటా మన సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు అడగడం, నేను ఏ ఉదయగిరి కోట గురించో, ఏ దర్గా గురించో నాలుగు పేజీలు వ్రాసి ఇవ్వడం మామూలే. ఈసారి కోటలు వదిలిపెట్టి మన పిల్లల నోటి సంగతి వ్రాయదలచాను. నోటికి చరిత్ర ఏమిటని నవ్వకండి. ఉన్నది. అది మన ఊళ్లకు చాలా దగ్గరగా నడిచిన చరిత్ర.

మొన్న మా వీధిలో ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు సెలవులకు ఇంటికి వచ్చాడు. హాస్టలులో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడితో వాడికి ఇప్పుడు మాటలు లేవట. ఫోనులో ఎవరో పంపిన కబురు మీద మాట మొదలై, మతం మీదికి పోయి, చివరకు ఒకడు గది మార్చుకొనేదాకా వచ్చింది. వాళ్లమ్మ వాడిని నా దగ్గరకు తీసుకొచ్చి కూర్చోబెట్టింది. వాడు తల వంచుకోలేదు. “గెలిచింది నేనే చిచ్చా. వాడి దగ్గర జవాబు లేదు” అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1972 గుర్తుకొచ్చింది. అప్పుడు నేను కోస్తాలోని ఒక కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. ఆ ఏడాది అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలంగాణా ప్రాంతంలో ఆ నిబంధన కింద వచ్చే సర్కారు ఉద్యోగాలకు అక్కడ పదిహేనేళ్ల నివాసం ఉండాలన్నది దాని సారం. కోస్తాలో, రాయలసీమలో కాలేజీలు మండిపోయాయి. జై ఆంధ్ర అన్నవాళ్లు వేలమంది. సమైక్యంగా ఉండాలన్న కొద్దిమందిలో నేనొకణ్ణి. నా ప్రాణస్నేహితుడు అవతలి పక్షం. ఒక సాయంత్రం కాలేజీ ఎదుటి టీ అంగడి దగ్గర, పాతికమంది చూస్తుండగా వాదించుకొన్నాము. వాడు ఏదో చెప్పబోతున్నాడు. నేను మధ్యలో అందుకొని, వాడి మాటను వంకర తిప్పి, ఒక ఎగతాళి మాట అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. వాడు సైకిలు తీసుకొని వెళ్లిపోయాడు. ఆ తరువాత నాతో మాట్లాడలేదు. నేనూ గెలిచాను మరి.

ఈ కథకు ముగింపు ఉన్నది, చివర చెబుతాను. ముందు చరిత్రలోకి వద్దాము.

మూడు రకాల వాదము

“తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు” అన్న సామెత మనందరికీ తెలుసు. అట్లాంటివాణ్ణి చూసి “వితండవాది” అంటాము. ఈ వితండమన్న మాట తిట్టుగా పుట్టలేదు. అది ఒక శాస్త్రంలోని పారిభాషిక పదం. గౌతముని న్యాయసూత్రాలలో వాదోపవాదాన్ని మూడు రకాలుగా విడదీశారు. ఇద్దరూ నిజం తేల్చుకోవాలని మాట్లాడుకొంటే అది వాదం. గెలవాలని మాట్లాడుకొంటే జల్పం. తనకంటూ చెప్పేది ఏమీ లేకుండా ఎదుటివాడి మాటను కూలగొట్టడమే పనిగా పెట్టుకొంటే వితండం. ఈ తర్కశాస్త్రాన్ని పిల్లలకు తేలికగా చెప్పడానికి 17వ శతాబ్దంలో అన్నంభట్టు అనే తెలుగు పండితుడు తర్కసంగ్రహం అన్న చిన్న పుస్తకం కూర్చాడు. సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టే విద్యార్థికి ఇప్పటికీ మొదటి పుస్తకం అదే.

మన అరబ్బీ మదరసాలలో కూడా సరిగ్గా ఇట్లాంటి శాస్త్రమే ఉన్నది. దాని పేరు మునాజరా. 13వ శతాబ్దం చివర షంసుద్దీన్ సమర్కందీ అనే పండితుడు చర్చ మర్యాదల మీద ఒక చిన్న గ్రంథం వ్రాసి దీనిని ప్రత్యేక విద్యగా నిలబెట్టాడు. ఆ శాస్త్రంలోనూ మూడు రకాలే. సత్యం వెల్లడి కావాలని ఇద్దరు కలిసి ఆలోచిస్తే మునాజరా. ఎదుటివాడి నోరు మూయించాలని చేస్తే ముజాదలా. సత్యమూ అక్కరలేదు, గెలుపూ అక్కరలేదు, తన గొప్ప చూపించుకోవడమే కావాలంటే ముకాబరా.

ఈ రెండు శాస్త్రాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లు సరిపోవు. కాని రెండు భాషల్లోని పెద్దలు విద్యార్థిని అడిగిన మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: “నాయనా, నీకు కావలసింది నిజమా, గెలుపా, గోలా? అది ముందు తేల్చుకో.” టీ అంగడి దగ్గర నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

లక్నో నుంచి మద్రాసుకు

ఈ మునాజరా విద్య మన వైపుకు ఎట్లా వచ్చిందో చెప్పాలి. లక్నోలో ఫిరంగీ మహల్ అనే ఇల్లు ఉండేది. ఒకప్పుడు ఐరోపా వర్తకుడు ఉన్న ఇల్లు కాబట్టి ఆ పేరు. 1692 ప్రాంతంలో ముల్లా కుతుబుద్దీన్ అనే పండితుణ్ణి భూమి తగాదాలో చంపేశారు. ఔరంగజేబు పాదుషా ఆయన కొడుకులకు ఈ ఇంటిని ఇచ్చాడు. ఆ కొడుకులలో ఒకరైన ముల్లా నిజాముద్దీన్ తయారుచేసిన పాఠ్యక్రమమే దర్సె నిజామీ. హిందూస్థానంలోని మదరసాలలో ఎక్కువ భాగం రెండు వందల ఏళ్లకు పైగా నడిచింది ఆ బాటలోనే. అందులో తర్కం, లెక్కలు, న్యాయశాస్త్రంతోపాటు మునాజరా కూడా ఒక పాఠం. జౌన్‌పూరుకు చెందిన అబ్దుల్ రషీద్ వ్రాసిన రషీదియా అన్న పుస్తకాన్ని దీనికి చదివేవాళ్లు.

ఆ ముల్లా నిజాముద్దీన్ కుమారుడు అబ్దుల్ అలీ. ఆయన లక్నోలో షియా సున్నీ వివాదంలో చిక్కుకొని పుట్టిన ఊరు వదిలిపెట్టవలసి వచ్చింది. షాజహాన్‌పూరు, రాంపూరు, బెంగాలులోని బుహార్ తిరిగి, చివరకు ఆర్కాటు నవాబు ముహమ్మదలీ వాలాజా పిలుపు మీద మద్రాసు చేరాడు. నవాబు ఆయనకు ఎదురువెళ్లి పల్లకీకి భుజం పట్టాడని చెప్పుకొంటారు. బహ్రుల్ ఉలూం, అంటే విద్యాసముద్రం, అన్న బిరుదు ఆయనకు స్థిరపడింది. 1810లో మద్రాసులోనే కన్నుమూశాడు. ట్రిప్లికేనులోని వాలాజా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.

ఆ రోజుల్లో మన నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలోనిది. నవాబు తమ్ముడు నజీబుల్లా ఖాన్ నెల్లూరు కోటలో ఉండి పాలించాడు. 1757లో ఫోర్డు అనే ఇంగ్లీషు అధికారి నెల్లూరును ముట్టడించింది ఆయన మీదనే. 1801లో కర్ణాటక రాజ్యంతోపాటు ఈ సీమ కూడా కుంపిణీ చేతికి పోయింది. అంటే బహ్రుల్ ఉలూం మద్రాసులో పాఠం చెప్పిన కాలంలో మన తాతముత్తాతలు ఆ నవాబు రయితులే.

నాకు ఒక్క సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది. తాత తగాదాలో హతుడయ్యాడు. మనుమడు తగాదాలో ఊరు విడిచాడు. అయినా ఆ కుటుంబం తగాదాలకు భయపడి నోరు మూసుకొమ్మని పిల్లలకు నేర్పలేదు. వాదించండి, కాని వాదించే పద్ధతి ముందు చదువుకోండి అని నేర్పింది. దెబ్బ తిన్నవాళ్లకే దాని విలువ తెలిసి ఉంటుందని నా అభిప్రాయం.

ఆ పుస్తకాలలో ఏమున్నది?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పెద్ద వయసు మౌల్వీ సాహెబు దగ్గర కూర్చొని ఈ శాస్త్రం గురించి కొంత అడిగి తెలుసుకొన్నాను. నాకు అరబ్బీ అంతంత మాత్రమే. అయినా ఆయన చెప్పినవి మరిచిపోలేదు. మన పిల్లలకు పనికివచ్చేవి మూడు చెబుతాను.

మొదటిది, ఎవరి పని వారిదే. మాట చెప్పేవాడు ముద్దయీ. ప్రశ్నించేవాడు సాయిల్. రుజువు చూపించే బరువు ముద్దయీదే. సాయిల్ అడగాలి గాని, ఎదుటివాడు రుజువు చెప్పకముందే తానే దావా అందుకోకూడదు. దానిని గసబ్ అంటారు. అంటే ఒకరి పొలంలోకి దౌర్జన్యంగా దిగడం వంటిది. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. దావా, తకరారు, రుజువు, రాజీ అన్న మాటలు కచేరీల ద్వారా మన తెలుగులో కలిసిపోయాయి. ముద్దయీ కూడా వచ్చింది. కాని అరబ్బీలో మాట చెప్పుకొనేవాడైన ముద్దయీకి దగ్గరగా వినిపించే ముద్దాయి మన కోర్టు తెలుగులో నేరం మోపబడినవాడు! మన చర్చల్లో జరిగేది కూడా ఇదే కదా. ఎవడైనా ఒక మాట చెప్పబోతే వాణ్ణి వెంటనే బోనులో నిలబెడతాము.

రెండవది, మాట ఎక్కడిదో చూడడం. ఒకడు తన సొంత మాట చెబితే “రుజువేమిటి?” అని అడగాలి. ఎవరో అన్నదాన్ని మోసుకొచ్చి చెబితే అప్పుడు అడగవలసినది వేరు: “అన్నది ఎవరు? ఎక్కడ ఉన్నది? సరిగ్గా అట్లాగే ఉన్నదా?” దీనికి తస్‌హీహె నఖ్ల్ అని పేరు. అరచేతిలో ఫోను, ఫోనులో వెయ్యి కబుర్లు ఉన్న ఈ రోజుల్లో ఈ ఒక్క పాఠం చాలు, సగం కొట్లాటలు ఆగిపోతాయి. మా వీధి కుర్రవాణ్ణి ఆ కబురు ఎవరు వ్రాశారని అడిగాను. వాడికి తెలియదు. అవతలివాడికీ తెలియదు. పేరు లేని మనిషి వ్రాసిన ముక్క మీద పేరున్న ఇద్దరు మిత్రులు విడిపోయారు.

మూడవది, మర్యాదలు. మరీ పొడిపొడిగా మాట్లాడవద్దు, మరీ సాగదీయవద్దు. ఎదుటివాడికి తెలియని మాటలు, రెండర్థాల మాటలు వాడవద్దు. చర్చకు పనికిరాని సంగతి తేవద్దు. నవ్వవద్దు, గొంతు పెంచవద్దు. ఎదుటివాడి మాట పూర్తిగా అర్థం కాకుండా మధ్యలో దూరవద్దు. ఎదుటివాణ్ణి అల్పుడని తలచవద్దు. భయభక్తులున్న పెద్దమనిషితో వాదానికి దిగవద్దు, ఎందుకంటే ఆ భయంలో నీ బుద్ధి పనిచేయదు. ఇవి చదువుతుంటే టీ అంగడి దగ్గర నేను ఒకేసారి ఎన్ని తప్పులు చేశానో లెక్క తేలింది.

నెల్లూరు గాలిలో ఉన్నదే

ఈ విద్య మదరసాలకే చెందినదని ఎవరూ అనుకోవద్దు. పెన్న ఒడ్డున 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన్న, శైవులూ వైష్ణవులూ కత్తులు నూరుకొంటున్న కాలంలో, తన భారతాన్ని శివుడూ విష్ణువూ ఒకటైన హరిహరనాథుడికి అంకితం చేశాడు. యుద్ధానికి ముందు రాయబారాలు నడిచే ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసింది కూడా ఆయనే.

మన రొట్టెల పండుగ సంగతి చెప్పనక్కరలేదు. ముహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకొంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. ఇచ్చేది ఏ మతమో పుచ్చుకొనేవాళ్లు అడగరు. అయితే మిత్రులారా, ఒక్క మాట ధైర్యంగా చెప్పాలి. రొట్టె ఇచ్చిపుచ్చుకొన్నంత తేలిక కాదు అభిప్రాయాలు ఇచ్చిపుచ్చుకోవడం. చెరువులో భుజం భుజం రాసుకొని నిలబడినవాళ్లమే గట్టెక్కి ఇంటికిపోయి ఒకరి గురించి ఒకరు ఏవేవో నమ్ముతాము. కలిసి ఉండడం అలవాటు వల్ల వస్తుంది. కలిసి మాట్లాడడం చదువు వల్లనే వస్తుంది.

ఇంగ్లీషు కాలేజీలు వచ్చినాక

వెంకటగిరి రాజాల పేరిట నెల్లూరులో నడిచిన వి.ఆర్. పాఠశాల 1920లో కాలేజీ అయ్యింది. ఇంగ్లీషు చదువుతో డిబేటింగు వచ్చింది. తీర్మానం ఒకటి పెడతారు, ఇటు నలుగురు, అటు నలుగురు, గంట కొడతారు, చివర ఓటో బహుమతో ఉంటుంది. ఇది మంచిదే. మన పిల్లలకు నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం ఇచ్చింది. కాని పాత లెక్కన చూస్తే ఇది జల్పం, ముజాదలా. ఏ పక్షం ఇస్తే ఆ పక్షం మాట్లాడాలి, గెలవాలి. పాత పాఠశాలలూ మదరసాలూ మూడింటినీ విడదీసి చెప్పేవి. కొత్త కాలేజీలో గెలుపు ఒక్కటే మిగిలింది.

తరగతి గదిలో దొరకని పాఠం ఒక్కొక్కప్పుడు పెద్దమనుషుల నడవడిలో దొరుకుతుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ ఆశ్రమం ప్రారంభించారు. స్థలం పొణకా కనకమ్మగారి వంటి వాళ్లు ఇచ్చినది. దక్షిణాఫ్రికాలోని పారశీక వర్తకుడు రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చాడు. అది ఖిలాఫత్, సహాయనిరాకరణ ఉద్యమాలు చేయి కలిపి నడిచిన ఏడాది. విద్యార్థులు సర్కారు కాలేజీలు వదలాలని గాంధీగారు పిలుపు ఇచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే రవీంద్రనాథ ఠాగూరు దానిని కాదన్నారు. చదువు మానుకోవడమూ, విదేశీ బట్టలు తగలబెట్టడమూ తనకు సమ్మతం కాదని బాహాటంగా వ్రాశారు. ఆ అక్టోబరులో గాంధీగారు తన పత్రికలో జవాబిచ్చారు. ఆ జవాబుకు పెట్టిన పేరులోనే ఠాగూరును దేశానికి మహా కావలివాడని గౌరవించారు. ఒక్క అంగుళం తగ్గలేదు, ఒక్క తిట్టూ తిట్టలేదు. గురుదేవుడని ఒకరు, మహాత్ముడని ఒకరు చివరిదాకా పిలుచుకొన్నారు.

ఆ ఇద్దరి మధ్య పెరిగిన నెల్లూరు బిడ్డ ఒకాయన ఉన్నాడు. బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డిగారు. శాంతినికేతనంలో ఠాగూరు దగ్గర చదువుకొన్నాడు, ఠాగూరు రచనలు తెలుగు చేశాడు. గాంధీగారి ఉద్యమంలో జైలుకు వెళ్లాడు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. గురువులిద్దరూ ఒకరినొకరు కాదనుకొంటే శిష్యుడు ఒకరిని వదిలిపెట్టాలని లేదు. ఆయన ఇద్దరినీ ఉంచుకొన్నాడు.

కాలేజీలు మూతపడిన ఏడు

మళ్లీ 1972కు వద్దాము. ఆ ఉద్యమంలో తూటాలకు ప్రాణాలు పోయాయి. నెలల తరబడి పాఠాలు లేవు, పరీక్షలు వెనక్కిపోయాయి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. చివరకు ఆ సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. అందులో ఒక సూత్రం ప్రకారమే 1974లో హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టారు. కాలేజీల్లో రేగిన తగాదాకు జవాబులో ఒక భాగం విశ్వవిద్యాలయం అయ్యింది. అయినా తగాదా పూర్తిగా తీరలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యింది. చర్చ ఉంటే విడిపోవడం ఉండదని నేను చెప్పడం లేదు. విడిపోయినా పలకరించుకొనేట్లు విడిపోవచ్చును.

ఆ జై ఆంధ్ర రోజుల్లో విద్యార్థి నాయకుడుగా పైకివచ్చిన వి.ఆర్. కాలేజీ విద్యార్థి ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు. 1978లో ఉదయగిరి నుంచి శాసనసభకు వెళ్లారు. అక్కడ కల్వకుర్తి సభ్యులు ఎస్. జైపాల్‌రెడ్డిగారితో జత కుదిరింది. ఒకరు కోస్తా, ఒకరు తెలంగాణా. ఇద్దరూ ప్రతిపక్ష బెంచీ మీద కలిసి కూర్చొని ప్రభుత్వాన్ని నిలదీస్తుంటే, వాళ్లను తిరుపతి వెంకట కవులని పిలిచేవారు. తరువాత దారులు వేరయ్యాయి. ఒకరు భారతీయ జనతా పార్టీలో, ఒకరు కాంగ్రెసులో మంత్రులయ్యారు. 2019 జూలైలో జైపాల్‌రెడ్డిగారు పోయినప్పుడు రాజ్యసభ అధ్యక్షస్థానంలో ఉన్న వెంకయ్యనాయుడుగారు ఆ పాత స్నేహాన్ని తలుచుకొని సభలోనే కంటతడి పెట్టారు. మన సభ్యులలో ఆయన పార్టీని మెచ్చేవాళ్లు, మెచ్చనివాళ్లు ఇద్దరూ ఉంటారు. పార్టీ సంగతి కాదు నేను చెప్పేది. ఏళ్ల తరబడి విభేదించినవాడి కోసం ఏడవగలగడం ఒక చదువు. నేను టీ అంగడి దగ్గర ఆ చదువే పోగొట్టుకొన్నాను.

అడిగే నోరు

చెప్పే నోరు కంటే అడిగే నోరు ఎంత పని చేస్తుందో మన జిల్లాయే దేశానికి చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వయోజన విద్యా కార్యకర్తలు పల్లె పల్లెకూ పోయి రాత్రిబడులు నడిపారు. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ ఒకటి ఉండేది. కార్యకర్త ఉపన్యాసం ఇస్తే ఆడవాళ్లు విని ఇంటికిపోయేవాళ్లు. పాఠం చదివి “మీ ఊళ్లో ఎట్లా ఉన్నది?” అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు ఆడవాళ్లు నోరు తెరిచారు. దూబగుంటలో రోశమ్మగారు మొదలైనవాళ్లు సారా అంగడి మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సాయిల్ సరిగ్గా అడిగితే ఏమవుతుందో చూడండి.

వాదం తన జాతి మార్చుకోవడం కూడా ఉన్నది. 1930లో లాహోరులో హెన్రీ మార్టిన్ పేరుతో క్రైస్తవులు ఒక విద్యాలయం పెట్టారు. ముస్లింలకు తమ మతం బోధించేవాళ్లకు ఇస్లాం గురించి శిక్షణ ఇవ్వడం అప్పటి ఉద్దేశం. ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరింది. కాలక్రమాన దాని పని మతాల మధ్య సంభాషణ, సయోధ్య అయ్యింది. అక్కడ వివిధ మతాలవాళ్లు కలిసి చదువుతారు. పాతబస్తీలో స్త్రీలతో, పిల్లలతో ఆ సంస్థ పని చేసింది. గెలవడానికి మొదలైనది తెలుసుకోవడానికి మారింది. మన పక్కనే, ఆంబూరు దగ్గర ఉమరాబాదులో 1924లో కాకా ఉమర్‌గారు స్థాపించిన జామియా దారుస్సలాం కూడా ఫిఖా భేదాలున్నవాళ్లను ఒకే కప్పు కింద కూర్చోబెట్టి చదివించింది. బయటివాళ్లతో సరే, మనలో మనకే మాటలు ఆగిపోయిన చోట్లు ఎన్ని లేవు?

మనము చేయగలిగినది

సంఘం వారికి నా మనవి ఒకటి. మనము ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాము, నోటుపుస్తకాలు ఇస్తున్నాము. దానితోపాటు నెలకొక ఆదివారం మన హాలులో కాలేజీ విద్యార్థులను కూర్చోబెడదాము. మన పిల్లలే కాదు, వాళ్ల స్నేహితులు ఏ మతంవారైనా రావాలి. పోటీ వద్దు, కప్పులు వద్దు, చప్పట్లు వద్దు.

నియమాలు నాలుగు చాలు. ఎదుటివాడి మాటను ముందు నీ నోటితో చెప్పు. వాడు “అవును, నేనన్నది అదే” అన్నాకనే నీ జవాబు మొదలుపెట్టు. మోసుకొచ్చిన మాటకు మూలం చూపించు. మాట మారితే ఓటమి అనుకోకు, ఆ రోజు లాభం నీదే అనుకో. నాలుగవ నియమం పిల్లలకు కాదు, మనకు. పెద్దలము వెనక వరసలో కూర్చొని నోరు మెదపకూడదు. పెద్దల భయంలో బుద్ధి పనిచేయదని పుస్తకమే చెబుతున్నది. ఇది అన్నిటికంటే కష్టమైన నియమమని నాకు తెలుసు. నేనే మొదట తప్పుతానేమో!

కొందరు సభ్యులు అడగవచ్చును: “అవతలివాడు గెలవడానికే వస్తే మనవాడు మర్యాద పట్టుకొని కూర్చోవాలా?” న్యాయమైన ప్రశ్నే. పాత పెద్దలు దీనికి కూడా దారి చెప్పారు. అవతలివాడికి నిజం అక్కరలేదని తేలితే చర్చ ఆపి లేచిరావచ్చును. అది పిరికితనం కాదు. కాని తేలేదాకా కూర్చోవాలి. మొదటి మాటకే తేల్చేయకూడదు.

ఇక నా కథ ముగింపు. 2014లో, రాష్ట్రం విడిపోయిన కొద్ది నెలలకు, అల్లూరులో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర తెల్లజుట్టు మనిషి నన్నే చూస్తున్నాడు. వాడే. నలభై రెండేళ్లు. పక్కన కూర్చొన్నాడు. కుశలప్రశ్నలు అయ్యాక నవ్వుతూ అన్నాడు: “ఒరే, ఆ రోజు నువ్వు గెలిచావు గాని, నేను చెప్పబోయింది ఏమిటో నీకు ఇప్పటికీ తెలీదు గదా.”

అప్పుడు చెప్పాడు. వాళ్లన్న హైదరాబాదులో చిన్న గుమాస్తా. ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. తీర్పు వచ్చినాక ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియక వాళ్లమ్మ అన్నం మానేసింది. “రాష్ట్రం రెండు కావాలో, ఒకటి కావాలో నాకేం తెలుసురా? మా అన్న సంగతి నీకు చెప్పుకొందామని వచ్చాను. నువ్వైతే దారి చెబుతావని.”

నేను ఓడించినది ఒక వాదాన్ని కాదు. నా దగ్గరకు బాధ చెప్పుకోవడానికి వచ్చినవాణ్ణి.

మా వీధి కుర్రవాడికి ఈ కథ చెప్పాను. ఏమీ అనలేదు. లేచి వెళ్లాడు. మరునాడు వాళ్లమ్మ కనిపించి, రాత్రి చాలాసేపు ఫోనులో మాట్లాడుతున్నాడని చెప్పింది. ఎవరితోనో నేను అడగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఆ నోటికి చెవి కూడా తోడైతే మన ఊళ్లు ఇంకా బాగుంటాయని నమ్ముతూ, సెలవు తీసుకొంటున్నాను.